ఏటి తినమంటావమ్మా?

కిడ్నీ జబ్బుతో మా దగ్గరికి వచ్చే ఆడవాళ్ల సంచిలో, రక్తపరీక్షల కాగితాల మధ్య తరచుగా ఒక ఆహార పట్టిక కనిపిస్తుంది. విశాఖలో ఇచ్చిందో, బరంపురంలో ఇచ్చిందో అయ్యుంటుంది. పొద్దున్న ఓట్స్ లేదా రెండు బ్రెడ్ ముక్కలు, పదకొండింటికి ఒక యాపిల్, మధ్యాహ్నం రెండు పుల్కాలు, రాత్రికి ఆలివ్ నూనెతో చేసిన కూర. కాగితం మడత విప్పిన జాడ కూడా ఉండదు. ‘ఇది చూశారా అమ్మా?’ అంటే, ‘మా గుంటడు సదివి సెప్పినాడు. ఇవన్నీ మనకాడ నేవంట’ అంటారు. కాస్త ఆగి, ‘ఇంతకీ నన్ను ఏటి తినమంటావమ్మా?’ అని అడుగుతారు.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడమే నా ఉద్యోగం. నేను డైటీషియన్ని. పలాస, టెక్కలి, సోంపేట చుట్టూ ఉన్న ఊళ్లలో తిరుగుతాను, డయాలసిస్ గదుల్లో కూర్చుంటాను, వంటిళ్లలోకి వెళ్తాను. నాకు తెలిసినంతలో ఈ పనిలో సగం పోషక శాస్త్రం, మిగతా సగం ఆమె పొయ్యి మీద ఏముందో, దాన్ని ముందు ఎవరు తింటారో తెలుసుకోవడం. రెండో సగం లేకుండా మొదటిది సంచిలో కాగితంగానే మిగిలిపోతుంది.

మా ఉద్దానం ప్రాంతం గురించి బయటివాళ్లకు రెండు సంగతులు తెలుసు. ఒకటి కొబ్బరి, జీడి, పనస తోటల పచ్చదనం. రెండోది కిడ్నీ జబ్బు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఈ జబ్బు ఉందని 1990ల నుంచీ డాక్టర్లు చెబుతూ వచ్చారు. విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి నెఫ్రాలజిస్టు డాక్టర్ రవిరాజు లాంటివాళ్లు ఊళ్లకు వచ్చి పరీక్షలు చేశారు. ఆ తర్వాత జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వంటి పరిశోధనా సంస్థలు వచ్చాయి. షుగరు, బీపీ లేనివాళ్లకే ఎక్కువగా వస్తున్న ఈ జబ్బుకు కారణం ఇదీ అని ఇంతవరకూ ఖాయంగా తేలలేదు. నీళ్లను, పురుగుమందులను, నొప్పి మాత్రలను, ఎండలో గంటల తరబడి పనిచేసి ఒంట్లో నీరు ఇంకిపోవడాన్ని, వంశంలో వచ్చే లక్షణాలను అనుమానిస్తున్నారు. శ్రీలంకలో వరి పండించేవాళ్లలోనూ, నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల కూలీలలోనూ ఇలాంటి జబ్బే ఉంది. ఇప్పుడు హిరమండలం నుంచి వంశధార నీళ్లు శుద్ధిచేసి పైపుల్లో వస్తున్నాయి. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది. డయాలసిస్ చేయించుకునేవారికి నెలకు 10,000 రూపాయల పింఛను వస్తోంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఏ ఇంటికి వెళ్లినా నేను మొదట పలకవలసిన మాట ఒకటి ఉంది: ‘ఈ జబ్బు మీ వంట వల్ల రాలేదు.’ ఈ మాట గట్టిగా, అత్తగారికి, భర్తకు వినపడేలా అంటాను. కారణం తెలియని జబ్బు ఇంట్లోకి వచ్చినప్పుడు నింద వెళ్లి వాలేది వంట చేసే మనిషి మీదే. ‘ఎండుచేప వండీసేది, ఉప్పు ఎక్కువ ఏసీసేది’ అని కోడల్ని ఏళ్ల తరబడి దెప్పిన ఇళ్లు చూశాను. నింద మోస్తున్న మనిషికి పథ్యం చెబితే అది శిక్షలా వినిపిస్తుంది. ఆ బరువు దించాకే గిన్నెల సంగతి.

ఏం తింటారు అని నేను అడగను. అలా అడిగితే డాక్టరమ్మకు నచ్చే జవాబు చెప్పాలని చూస్తారు. నిన్న రాత్రి ఏం వండారు, ముందు ఎవరికి పెట్టారు, మీ పళ్లెంలోకి వచ్చేసరికి ఏం మిగిలింది అని అడుగుతాను. అప్పుడు నిజం వస్తుంది. మగవాళ్లు, గుంటలు తిన్నాక కూరలో ముక్కలు ఉండవు, పులుసు ఉంటుంది. చేప తల, తోక ఉంటాయి. అన్నం మాత్రం ఉంటుంది. పొద్దున్నే చద్దన్నంలో ఉల్లిపాయ, ఉప్పు, పచ్చిమిరపకాయ. ‘నానేటి తింతాను, మిగిల్తే తింతాను, నేదంటే అంబలి తాగేత్తాను’ అని ఒక పెద్దమ్మ చెప్పింది, అందులో ఫిర్యాదేమీ లేనట్టుగా.

ఇక్కడే రెండు జబ్బులు కలుస్తాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 58.8 మందికి రక్తం తక్కువ. మామూలు రక్తహీనతకు ఇనుము మాత్ర, ఆకుకూర, మాంసం చెబుతాం. కిడ్నీ దెబ్బతిన్నప్పుడు రక్తం తయారీకి అవసరమైన ఎరిత్రోపాయిటిన్ అనే హార్మోను తగ్గిపోతుంది. ఎంత తిన్నా, ఎన్ని ఇనుము మాత్రలు మింగినా రక్తం తగినంత పెరగదు. చాలామందికి సూది మందు కావాలి. ఆ సంగతి తెలియని ఇంట్లో ‘ఇది సరిగ్గా తినదు’ అనే మాట ఆమెకు దక్కుతుంది.

అత్తవారింట్లో ఎవరు ముందు తినాలన్న వరసను నేను మార్చలేను. గిన్నెను మాత్రం మార్చగలను. వంట అయిన వెంటనే, ఎవరికీ వడ్డించకముందే ఆమె భాగాన్ని వేరే గిన్నెలోకి తీసి మూత పెట్టడం. ‘ఇది మందు, డాక్టరు రాసింది’ అని అత్తగారితో నేనే చెబుతాను. ఆమెకు ఉప్పు తక్కువ కాబట్టి, కూరలో ఉప్పు వేయకముందే తీసి పెట్టాలి అనే కారణం కూడా జతచేస్తాను. కారణం నిజమైనదే. కానీ దానివల్ల చేప ముక్క ఆమె గిన్నెలో పడుతుంది, అదీ నాకు కావలసింది. ఒకసారి అలవాటయ్యాక అత్తగార్లే తీసిపెట్టడం చూశాను.

కొబ్బరి దగ్గర ఎక్కువసేపు ఆగాలి. ఉద్దానంలో మనిషికి ఒంట్లో బాగోలేదంటే బొండం తెస్తారు. జ్వరానికి బొండం, విరేచనాలకు బొండం, ఆసుపత్రి నుంచి వచ్చినవాళ్లను చూడటానికి నాలుగు బొండాలు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పడగొట్టిన తోటలు తిరిగి కాపుకు రావడానికి ఏళ్లు పట్టింది కాబట్టి ఆ బొండం విలువ ఇక్కడివాళ్లకు ఇంకా బాగా తెలుసు. అదే బొండం డయాలసిస్ మీద ఉన్న మనిషి ప్రాణం తీయగలదు. ఒక్క బొండం నీళ్లలో 500 మిల్లీగ్రాములకు పైగా పొటాషియం ఉంటుంది. కిడ్నీలు బాగున్నవాళ్లు దాన్ని మూత్రంలో పంపేస్తారు. పంపలేని ఒంట్లో అది రక్తంలో పేరుకుంటుంది. పెరిగిన పొటాషియం గుండె కొట్టుకునే తీరును చెడగొడుతుంది, ముందుగా పెద్దగా హెచ్చరికలు కూడా ఇవ్వదు. ఇలాంటివారికి రోజంతా కలిపి 2 నుంచి 3 గ్రాముల లోపు ఉంచమని చెబుతాం. ప్రేమతో తెచ్చిన రెండు బొండాలే అందులో సగం దాకా తినేస్తాయి.

అయితే ‘కొబ్బరి మానేయండి’ అని ఊరందరికీ చెప్పడం ఎంత తప్పో కూడా చెప్పాలి. జబ్బు లేనివాళ్లకు, ఎండలో జీడితోటలో పనిచేసేవాళ్లకు బొండం నీళ్లు మేలే. జబ్బు తొలి దశల్లో ఉండి పొటాషియం మామూలుగా ఉన్నవాళ్లకు ముందుగానే అన్నీ మాన్పించేస్తే, తిండి మీద భయం తప్ప మరేమీ మిగలదు. అందుకే రక్తపరీక్ష కాగితం చూడనిదే నేను దేన్నీ కొట్టేయను. పొటాషియం 5 దాటుతోందంటే మాట్లాడతాను. అప్పుడు కూడా బొండం నీళ్లు మానమంటాను కానీ, తాలింపులో చెంచాడు కోరు వేసుకోవద్దనను. రుచి మొత్తం పోగొట్టుకున్న మనిషి వారం తిరక్కుండానే పథ్యం వదిలేస్తుంది.

పనసదీ ఇదే కథ. పండు తొనలు, గింజలు పొటాషియం పెరిగినవాళ్లకు వద్దు. పనసపొట్టు కూర సంగతి వేరు. మా ఊళ్లలో ఆడవాళ్లకు వార్చడం పుట్టుకతో వచ్చిన విద్య. అన్నం వార్చి గంజి వంచుతారు. కూరముక్కల్నీ అలాగే వార్చమంటాను. చిన్న ముక్కలుగా తరిగి, ఎక్కువ నీళ్లలో రెండు మూడు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ ఎక్కువ నీళ్లలో ఉడికించి వార్చి, అప్పుడు ఆవపెట్టి తాలింపు వేయడం. కందకైనా, అరటికాయకైనా, తోటకూరకైనా ఇదే పద్ధతి. పొటాషియం నీళ్లలో కరుగుతుంది, ఆ నీళ్లతో చాలా భాగం బయటికి పోతుంది. ఒక్కటే కష్టం: ‘సారమంతా పారబోయమంటావేటి?’ అని కోప్పడతారు. గంజిని, కూర ఉడికిన నీళ్లను పారబోయడం పాపమని నమ్మిన తరం అది. ఆ నీళ్లను పశువులకు పోయమని చెబితే ఒప్పుకుంటారు.

చోళ్లు, గంటెలు ఆరోగ్యమని అందరూ అంటున్న కాలమిది. నేనూ అంటాను, కొందరికి. 100 గ్రాముల చోళ్లలో 350 మిల్లీగ్రాముల చుట్టూ కాల్షియం ఉంటుంది. పాలిష్ బియ్యం దాని దరిదాపులకు కూడా రాదు. బాలింతకు, ఎదిగే పిల్లకు, రక్తం తక్కువైన జీడి కార్మికురాలికి చోడంబలి మంచిది. కిడ్నీ బాగా దెబ్బతిన్న మనిషికి మాత్రం చోళ్లలోని పొటాషియం, భాస్వరం లెక్కలోకి వస్తాయి. ఆమెకు వార్చిన తెల్లన్నమే నయం. ఊరంతా చిరుధాన్యాల గొప్పతనం చెబుతుంటే, అదే ఊళ్లో ఒకామెను పిలిచి నువ్వు తెల్లన్నం తిను అనడం తేలికైన పని కాదు. ఒకే ఇంట్లో అక్కకు ఒకటి, చెల్లికి ఒకటి చెప్పి, ఎందుకో ఇద్దరికీ అర్థమయ్యేదాకా కూర్చోవాలి.

పలాస, కాశీబుగ్గ జీడి కార్ఖానాల ఆడవాళ్ల గురించి ఇక్కడే చెప్పాలి. పిక్కలు కొట్టడం, తొక్క తీయడం, గుండు, బద్ద, ముక్క వేరుచేయడం అన్నీ ఎక్కువగా ఆడవాళ్ల చేతులే చేస్తాయి. పిక్క నుంచి వచ్చే జీడి నూనె చర్మాన్ని కాలుస్తుంది. బూడిదో ఆముదమో రాసుకుని కొడతారు, అయినా వేళ్లు నల్లబడతాయి, పొక్కుతాయి. తెల్లవారకముందే ఇంట్లో వంట చేసి, క్యారేజీ పట్టుకుని వస్తారు. కిలోల లెక్కన కూలీ కాబట్టి లేచిన ప్రతిసారీ కూలీ తగ్గుతుంది. మరుగుదొడ్డికి లేవకుండా ఉండాలంటే నీళ్లు తాగకుండా ఉండాలి. మధ్యాహ్నం దాకా ఒక టీ, ఒక బన్ను. సాయంత్రానికి నడుము, మోకాళ్లు పట్టేస్తే మందుల షాపులో రూపాయలిచ్చి నొప్పి మాత్ర. నీళ్లు లేని ఒంటికి ఆ మాత్ర కిడ్నీ మీద నేరుగా దెబ్బ. ఆహారం గురించి మాట్లాడటానికి వెళ్లిన నేను అక్కడ ఎక్కువసేపు మాట్లాడింది నీళ్ల సీసా గురించీ, మరుగుదొడ్డి గురించీ, మాత్రల గురించీ. అది నా పని కాదని ఎవరైనా అనవచ్చు. వాళ్లు పగలు ఏమీ తినకపోవడానికి కారణం అదే అయినప్పుడు అది నా పనే.

జబ్బు లేని కార్మికులకు నేను చెప్పేది పలచటి చోడంబలిలో మజ్జిగ కలిపి సీసాలో తెచ్చుకోవడం. చేతులు నల్లగా ఉన్నా, కడుక్కోవడానికి తీరిక లేకపోయినా, సీసా ఎత్తి తాగేయవచ్చు. కూలీ పోదు. ఇది కొంతమందిలో నిలబడింది, ఎందుకంటే వాళ్ల అమ్మలు పొలానికి ముంతలో తీసుకెళ్లింది కూడా ఇదే.

ఇంకో సంగతి. సన్నగా, కండ లేకుండా ఉన్న ఆడమనిషి రక్తంలో క్రియాటినిన్ సహజంగానే తక్కువగా ఉంటుంది, అది కండరం నుంచే వస్తుంది కాబట్టి. అందుకే 1.2 అని కాగితం మీద చూసి ‘నార్మలే’ అనుకుంటే, లోపల కిడ్నీ సగానికి సగం పడిపోయి ఉండవచ్చు. వయసూ బరువూ చూసి డాక్టరును మళ్లీ అడగమని నేను వాళ్లను తిప్పి పంపుతుంటాను.

ఈ విషయం చదువుతున్నప్పుడే అమెరికాలోని నల్లజాతి స్త్రీల సంగతి నా కంటపడింది. అక్కడ చాలా ఏళ్లు కిడ్నీ పనితీరు లెక్కగట్టే సూత్రంలో, మనిషి నల్లజాతి అయితే అంకెను పెంచి చూపించేవారు. 2009 నాటి సూత్రంలో అది సుమారు 16 శాతం. దానివల్ల జబ్బు ముదిరినా కాగితం మీద తక్కువగా కనిపించి, కిడ్నీ మార్పిడి కోసం వరసలో పేరు ఎక్కడం ఆలస్యమయ్యేది. 2021లో ఆ లెక్కను తీసేశారు. తిండి విషయంలోనూ వాళ్లకు జరిగింది మాకు జరిగినట్టే ఉంది. వాళ్ల అమ్మమ్మలు వండిన ఆకుకూరలు, బొబ్బర్లు, చిలగడదుంపలు ఉన్న వంట మొత్తాన్ని ‘అనారోగ్యం’ అని ఒక్క మాటలో కొట్టేసి, చేతిలో వేరే ఎవరిదో పళ్లెం బొమ్మ పెట్టారు. తర్వాత వాళ్లలోంచే వచ్చిన పోషకాహార నిపుణులు, వంటవాళ్లు ఉప్పు, వేపుడు, పంది కొవ్వు దగ్గర దిద్దుకుని మిగతాదాన్ని నిలబెట్టే పని మొదలుపెట్టారు. 2011లో బోస్టన్‌లోని ఓల్డ్‌వేస్ సంస్థ ఆఫ్రికా వారసత్వపు ఆహారంతో ఒక పిరమిడ్ బొమ్మ తయారుచేసింది. అందులో అడుగున ఆకుకూరలు ఉంటాయి. ఆ బొమ్మ చూసినప్పుడు నాకు చాలా సంతోషమైంది. మేం చోళ్లు, గంటెలు, బొబ్బర్లు అని పిలుచుకునేవి వేల ఏళ్ల క్రితం ఆఫ్రికా నేల నుంచే మన దేశానికి వచ్చిన పంటలు. మందస కొండ మీది సవర ఆమె, మిసిసిపీలోని ఆమె ఒకే గింజను కుండలో ఉడకబెడుతున్నారు. ఇద్దరికీ డాక్టరు ఓట్స్ రాశాడు.

ఉప్పు దగ్గర నాకు తలనొప్పి ఎక్కువ. టెక్కలి దాటి వెళ్తే నౌపాడ ఉప్పు మడులు. ఉప్పు మా నేలలోనే ఉంది. సముద్రం ఒడ్డు ఊళ్లలో వంజరం, చందువ వలలో పడితే అవి అమ్మకానికే. ఇంట్లోకి కవ్వళ్లు, నెత్తళ్లు. అవి మంచి చేపలే, ఆ మాట నేను పట్టుబట్టి చెబుతాను. ఖరీదు తక్కువైనంత మాత్రాన పోషణ తక్కువ కాదు. డయాలసిస్ లేని కిడ్నీ రోగికి కిలో బరువుకు 0.6 నుంచి 0.8 గ్రాముల మాంసకృత్తులు చాలంటాం. డయాలసిస్ మొదలైతే అది 1 నుంచి 1.2 గ్రాములు కావాలి, ఎందుకంటే ఆ యంత్రం రక్తాన్ని శుభ్రం చేస్తూ కొంత పోషణనూ పట్టుకుపోతుంది. నిన్నటిదాకా ‘తగ్గించు’ అని చెప్పి ఇవాళ ‘పెంచు’ అంటే ఎవరికైనా నమ్మకం పోతుంది. అందుకే డయాలసిస్ మొదలుపెట్టకముందే ఈ మార్పు గురించి చెప్పి ఉంచుతాను. తాజా నెత్తళ్లు, గుడ్డు, ఇవే వాళ్ల బలం.

చిక్కంతా ఎండుచేపతో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. చేతిలో డబ్బు ఉండదు, తాజా చేప ఉండదు, చుట్టూ మండే ఎండ. ఆ రెండు నెలలు ఎండుచేపే కూర. ఎండుచేప వద్దు అన్నామంటే ఉట్టి అన్నం తినమన్నట్టే. నా పద్ధతి ఇది: తల తీసేసి, వేణ్ణీళ్లలో నానబెట్టి, నీళ్లు మార్చి రెండుసార్లు కడగాలి. ఆ రోజు కూరలో వేరే ఉప్పు పడకూడదు. వంకాయో ఆనపకాయో ఎక్కువ వేసి చేప తక్కువ వేయాలి. ఆ రోజు పచ్చడి జోలికి పోకూడదు. వీలైతే చేపలు ఆరబెట్టేటప్పుడే ఇంటి కోసం కొన్ని ఉప్పు పట్టించకుండా ఎండబెట్టి పక్కన పెట్టుకోవాలి. చిన్న నెత్తళ్లు మన ఎండకు ఉప్పు లేకుండానే ఎండిపోతాయి. ఆ ఒక్క మాట వాళ్లకు వాళ్లే గుర్తుచేసుకుని చెప్పారు నాకు.

గ్రాములు ఎవరికీ అర్థం కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు అంటుంది. నలుగురున్న ఇంటికి వారానికి అది 140 గ్రాములు. ఆదివారం ఆ మేరకు ఉప్పు కొలిచి ఒక సీసాలో పోసి ఇస్తాను. మళ్లీ ఆదివారం దాకా ఇంటికంతటికీ అదే ఉప్పు. బుధవారానికే అయిపోతే ఎక్కడ పోయిందో వాళ్లే వెతుక్కుంటారు: చద్దన్నంలో, మజ్జిగలో, మామిడికాయ ముక్కల మీద చల్లిన దానిలో. ఇంటికంతటికీ ఒకే సీసా కావడంతో ఆమె ఒక్కత్తే చప్పిడి తినే మనిషిగా మిగలదు. ‘తక్కువ సోడియం ఉప్పు’ అని షాపుల్లో ఒకటి అమ్ముతున్నారు. పిల్లలు శ్రద్ధగా కొని తెస్తారు. అందులో కొంత సోడియం బదులు పొటాషియం ఉంటుంది. కిడ్నీ రోగి ఉన్న ఇంట్లో దాన్ని వెంటనే పక్కన పెట్టించేస్తాను.

డయాలసిస్ వాళ్లకు నీళ్ల లెక్క ఇంకో పరీక్ష. ముందురోజు వచ్చిన మూత్రం ఎంతో, దానికి అర లీటరు కలిపితే అంతే ఆ రోజుకు. మే నెల పలాసలో అది చెప్పడానికి నోరు రాదు. గంజి, అంబలి, చారు, చద్దన్నంలో నీళ్లు అన్నీ ఆ లెక్కలోవే. చద్దన్నం మానవద్దు, నీళ్లు పిండేసి తినండి అంటాను. నిమ్మచెక్క నాలుకకు రాసుకోమంటాను.

కార్తీకం వస్తే నాకు గుబులు. నెల్లాళ్లు చేప, గుడ్డు ముట్టని ఇళ్లు చాలా ఉన్నాయి. సోమవారం ఉపవాసం చేసి, సాయంత్రం దీపం పెట్టాక అరటిపళ్లు, కొబ్బరి నీళ్లు. డయాలసిస్ మనిషికి అది నెల్లాళ్లు బలం తగ్గి, సోమవారాలు పొటాషియం పెరిగే కాలం. ఆచారం మానమని నేను చెప్పను. చెప్పినా మానరు, నాకు చెప్పకుండా చేస్తారు, అది మరీ ప్రమాదం. దీనికి దారి చూపింది ఇచ్ఛాపురం వైపు ఒడియా మాట్లాడే అమ్మలు. పాలు విరగ్గొట్టి, బట్టలో వేలాడదీసి, నీళ్లన్నీ కారిపోయిన ఛెనాను వాళ్లు ఇంట్లో రోజూ చేసుకుంటారు. ఆ కారిపోయిన నీళ్లతో పొటాషియం చాలా వరకు పోతుంది, మాంసకృత్తులు బట్టలో మిగులుతాయి. కార్తీకంలో కూడా తినవచ్చు. ఉపవాసం విడిచే వేళ అరటిపండు బదులు యాపిల్ ముక్క, కొబ్బరి నీళ్ల బదులు కొలిచిన గుక్కెడు నీళ్లు. పాలు విరిగితే అరిష్టం అనే తెలుగు ఇళ్లకు మొదట అది మింగుడు పడలేదు. మందస కోవా చేసే ఊళ్లలో పాలను మరిగించడం తెలుసు కానీ విరగ్గొట్టడం అలవాటు లేదు.

అందుకని ఆశ్వయుజంలోనే పని మొదలుపెడతాను. టెక్కలిలో డయాలసిస్ నడిచే నాలుగు గంటలూ మంచాల పక్కన కూర్చుంటాను. ఒడియా అమ్మ ఒకామె, సూదులు లేని చెయ్యి ఊపుతూ, నిమ్మరసం ఎప్పుడు పిండాలో, బట్ట ఎంత బిగించాలో పక్క మంచాలవాళ్లకు చెబుతుంది. అత్తగార్లు గుమ్మం దగ్గర నిలబడి వింటారు. పోయినసారి వాళ్లలో ఒకామె అడిగింది: ‘దీన్ని మన ఎండుచేపల ఇగురులాగ ఉల్లిపాయ ఏసి, కారం ఏసి ఇగరపెట్టొచ్చా? ఉప్పెంత ఎయ్యమంటావు?’

‘పెట్టండమ్మా, బాగుంటుంది. ఉప్పు మాత్రం సీసాలో ఇంకెంత ఉందో చూసి వెయ్యండి’ అన్నాను.